రెబెక్కమ్మకు పెట్టిన ముగింపు

కామాక్షయ్య మంచి పంతులు. ఇందుకూరుపేటకూ సముద్రానికీ నడుమనున్న ఆ ఊరి హైస్కూల్లో ఆయన దగ్గర తెలుగు చదువుకున్నవాళ్ళెవరైనా ఆ మాట ఒప్పుకుంటారు. ఆయన పద్యం ఎత్తుకుంటే పక్క గదిలో లెక్కలు చేసుకునే పిల్లలు కూడా కలాలు ఆపి వినేవాళ్ళు. పిల్లల్ని కొట్టేవాడు కాదు. ఎవరినీ కులం పేరు పెట్టి పిలిచేవాడు కాదు. ఆయనకున్న కోరికల్లా ఒక్కటే, నెల్లూరు టౌనుకు బదిలీ కావాలి.

పందొమ్మిదివందల అరవైరెండులో, వానలు వెనకపట్టే రోజుల్లో, స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని కబురొచ్చింది. ఆయన ముందు ఒక పాఠం చెప్పి చూపించాలి. పద్యం ఎవరైనా చెప్తారు, కొత్తగా ఏదైనా చేయాలనుకున్నాడు కామాక్షయ్య. తొమ్మిదో తరగతి పిల్లలకు కథ కట్టడం నేర్పి, ఇన్‌స్పెక్టరు కళ్ళముందే వాళ్ళచేత ఒక కథ కట్టించాలని నిశ్చయించుకున్నాడు.

నల్లబల్ల మీద అయిదు మాటలు రాశాడు. పాత్ర, చోటు, కాలం, చిక్కు, ముగింపు.

"కథంటే గాలిలోనుంచి ఊడిపడదురా. ఒక మనిషి ఉండాల. ఆ మనిషికి ఒక చోటుండాల, ఒక కాలముండాల. ఆ మనిషికేదో కావాల, దానికేదో అడ్డం రావాల. అదే చిక్కు. ఆ చిక్కు ఎట్లా తెగిందో చెప్తే ముగింపు. ఏదీ, ఒక మనిషిని చెప్పండి చూద్దాం."

ఒకడు రాజును చెప్పాడు. ఇంకొకడు వేటగాణ్ణి చెప్పాడు. రాజుకు ఏం కావాలో, వేటగాడికి ఏం అడ్డమొచ్చిందో ఎవరికీ తోచలేదు. పిల్లలు ఆవలించారు.

"రాజులొద్దు" అన్నాడు కామాక్షయ్య విసుగ్గా. "మీరు రాజును ఎప్పుడన్నా చూసినారా? మీ ఊరి మనిషిని చెప్పండి. కళ్ళారా చూసిన మనిషిని."

వెనక బెంచీలోంచి ముత్యాలయ్య లేచాడు. ఊళ్ళోకెల్లా ఎక్కువ మాగాణి ఉన్న రైతు కొడుకు.

"మిషను సమాధానం పెళ్ళాం, సార్."

క్లాసంతా గొల్లుమంది. ముందు బెంచీలో ఉన్న కరుణాకుమారి మాత్రం తలెత్తలేదు. మిషను సమాధానం ఆమె తండ్రి, బజారు వీధిలో బట్టలు కుట్టేవాడు. ఆయన పెళ్ళాం రెబెక్కమ్మ ఆమె తల్లి. కిందటి వానాకాలంలో ఒక తెల్లవారుజామున ఇల్లు విడిచి పోయింది. ఎక్కడికి పోయిందో ఊళ్ళో ఎవరికీ తెలియదు. తెలియకపోయినా అందరూ చెప్తుండేవాళ్ళు.

కామాక్షయ్య ముత్యాలయ్యను కసిరి కూర్చోబెట్టవలసింది. కసరబోయాడు కూడా. కానీ ఆవలిస్తున్న పిల్లలందరూ నిటారుగా కూర్చోవడం చూశాడు. చేతులు లేస్తున్నాయి. ఏనాడూ నోరు తెరవని పిల్లలు లేచి నిలబడుతున్నారు.

"పేరు పెట్టి చెప్పబాకండి" అన్నాడు. "ఆమెకు సుందరమ్మని పేరు పెడదాం. అప్పుడది ఎవురి కథా కాదు. చోటు?"

"పల్లెటూరు సార్!"

"కాలం?"

"వానాకాలం! తెల్లారుజాము!"

"ఆమెకేం కావాల?"

"పట్టుచీర సార్" అందొక పిల్ల. "సినిమా" అన్నాడొకడు. "నిమ్మకాయల లారీ డ్రైవరు" అన్నాడు ముత్యాలయ్య. ఈసారి నవ్వు బయట వరండా దాకా వినిపించింది. గూడూరు మార్కెట్టుకు నిమ్మకాయలు తోలే లారీ ఒకటి అప్పట్లో ఆ దోవన వచ్చిపోతుండేది. దానితో రెబెక్కమ్మకు ఏ సంబంధమూ లేదు. ఆ సంబంధం ఆ రోజు బళ్ళోనే పుట్టింది.

కామాక్షయ్య ఆపలేదు. తన చేతికింద ఒక కథ ప్రాణం పోసుకుంటుంటే ఆపడం ఆయనవల్ల కాలేదు.

రెబెక్కమ్మ ఎందుకు పోయిందో ఆ గదిలో ఒక్క కరుణాకుమారికే తెలుసు. సమాధానానికి బట్ట కొలిచే గజం బద్దతో పెళ్ళాన్ని కొట్టే అలవాటుంది. ఆఖరిసారి కొట్టినప్పుడు రెబెక్కమ్మ ఎడమచేతి మణికట్టు విరిగింది. చెయ్యి వేలాడిపోయింది. వానలో గుమ్మం దిగుతూ ఆమె కూతురి చెవిలో చెప్పింది:

"గూడూర్లో అభ్రకం షెడ్డులో పని చూపిస్తానని మనోళ్ళు చెప్పుండారు. నిలదొక్కుకొని వస్తా. వచ్చి నిన్ను తీసకపోతా. మీ నాయినకు తెలిస్తే వచ్చి ఈడ్చుకొస్తాడు. ఎవురికీ చెప్పబాక."

కరుణ ఎవరికీ చెప్పలేదు.

చెప్పిన రోజుకు వచ్చిన ఇన్‌స్పెక్టరు ఖద్దరు కోటు వేసుకున్న పెద్దమనిషి. వెనక కుర్చీలో కూర్చుని కళ్ళజోడు తుడుచుకున్నాడు. కామాక్షయ్య నల్లబల్ల దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నాడు. పాఠం నీళ్ళు పారినట్టు సాగింది. సుందరమ్మ అనే ఆడమనిషి, సముద్రపు ఒడ్డున ఒక పల్లె, ముసురు పట్టిన ఒక తెల్లవారుజాము. సుందరమ్మ ఇల్లు విడిచింది. ఇన్‌స్పెక్టరు ముందుకు వంగాడు.

"బాగుంది. మరి ఎందుకు విడిచింది? ఏమైంది?" అని ఆయనే అడిగాడు.

ముత్యాలయ్య చెయ్యెత్తాడు. వాడు ఏం చెప్పబోతాడో కామాక్షయ్యకు తెలుసు. లారీ డ్రైవరు సంగతి ఇన్‌స్పెక్టరు చెవిన పడితే తన బదిలీ గతేం కాను? క్లాసులో ఇంపుగా మాట్లాడగలిగినవాళ్ళు ఎవరా అని చూశాడు.

"కరుణాకుమారీ, నువ్వు చెప్పమ్మా. ముగింపు నువ్వు చెప్పు."

ఆమె లేచింది. వెనకనుంచి కిసుక్కుమన్న నవ్వు వినిపించింది. లారీ అని ఎవరో గొణిగారు. ఎందుకు పోయిందో చెప్తే సాయంత్రానికి నాయన చెవిన పడుతుంది. ఎక్కడుందో చెప్తే నాయన గూడూరు బస్సెక్కుతాడు. ఊరుకుంటే ముత్యాలయ్య చెప్తాడు.

"ఆమె చచ్చిపోయింది సార్" అంది.

ముత్యాలయ్య ఎత్తిన చెయ్యి దించాడు.

"ఎట్లా చచ్చిపోయింది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు మెల్లగా.

"ఇంటికి తిరిగొస్తా, దోవలో. ఆమెకో కూతురుండాది. ఆ పిల్లను తనతో తీసకపోదామని వస్తుండాది. వాగు పొంగి ఉండాది. దాట్లేకపోయింది."

ఇన్‌స్పెక్టరు మళ్ళీ కళ్ళజోడు తీశాడు. ఈసారి కళ్ళు తుడుచుకున్నాడు. ఈ జిల్లాలో ఇట్లాంటి పాఠం తాను వినలేదన్నాడు. కామాక్షయ్య భుజం తట్టాడు. పోతూపోతూ కరుణాకుమారి తల నిమిరి, "మంచి ముగింపు పెట్టినావమ్మా" అన్నాడు.

పిల్లలు ఇళ్ళకు పోయి చెప్పారు. ఇన్‌స్పెక్టరు అడిగితే మిషను సమాధానం కూతురు వాళ్ళమ్మ చచ్చిపోయిందని చెప్పిందని, వాగులో పడి పోయిందంటని, ఇన్‌స్పెక్టరు ఏడ్చినాడని. కథ అన్న మాట ఏ ఇంట్లోనూ గడప దాటలేదు. కన్నకూతురే, అంత పెద్ద ఆఫీసరు ముందు నిలబడి చెప్పిన మాట అబద్ధమెందుకవుతుందని పెద్దవాళ్ళు నమ్మారు.

మర్నాడు సమాధానం దగ్గరికి చొక్కా గుడ్డ తెచ్చిన రైతొకాయన అన్నాడు: "నీ ఇంట్లో ఆమె పోయిందంట గదయ్యా. మాటమాత్రమన్నా చెప్పకపోతివే."

సమాధానం మిషను తొక్కడం ఆపాడు. ఆ రైతు ముఖంలోకి కాసేపు చూశాడు. తర్వాత భుజం మీది తువ్వాలు తీసి కళ్ళకద్దుకున్నాడు.

"ఏం చెప్పేదన్నా" అన్నాడు. "దేవుని చిత్తం."

ఆ సాయంత్రం బజారునుంచి వస్తూ కూతురికి మిఠాయి పొట్లం తెచ్చాడు. కరుణ దెబ్బల కోసం గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆయన ఆమెను కూర్చోబెట్టి పొట్లం విప్పి ఒళ్ళో పెట్టాడు.

"నీకెవురు చెప్పినారు, మీ అమ్మ పోయిందని?"

"ఎవురూ చెప్పలా. అది బళ్ళో కథ, నాయినా."

"కథ గాదు" అన్నాడాయన నెమ్మదిగా. "ఊరంతా విన్నారు. మంచిపనే చేసినావు. తిను."

సంగతి ఆమెకు తర్వాత తెలిసింది. అల్లూరు దగ్గర పల్లెలో సలోమి అనే పిల్లను సమాధానానికి అడిగి ఉన్నారు. క్రైస్తవుల్లో పెళ్ళాం బతికుండగా రెండో పెళ్ళి చెయ్యరు. పోయినదాని జాడ తెలిసేదాకా కుదరదని సంఘకాపరి యెహోషువ అంతకుముందే ఒకసారి తిప్పి పంపించాడు. ఇప్పుడు ఆ అడ్డం తొలిగింది.

యెహోషువ అయ్యగారు నెమ్మదస్తుడు. ఉత్తి మాట మీద పెళ్ళి చెయ్యకూడదని స్వయంగా ఇంటికొచ్చాడు. బల్ల మీద కూర్చుని కరుణను దగ్గరికి పిలిచాడు.

"మీ అమ్మను గురించి నువ్వు చెప్పింది నిజమేనా బిడ్డా?"

సమాధానం గుమ్మంలో నిలబడి ఉన్నాడు. గజం బద్ద చేతిలో ఉంది. దాంతో ఏమీ చెయ్యడం లేదు, ఊరికే పట్టుకుని ఉన్నాడు. కాదంటే, మరి ఎక్కడుందని ఇద్దరూ అడుగుతారు. కరుణ అయ్యగారి పాదాల వైపు చూసింది. తల ఊపింది.

అయ్యగారు ఆమె కోసం ప్రార్థన చేశాడు. తల్లిలేని బిడ్డను కాపాడమని ప్రభువును అడిగాడు.

ఆదివారం ఆరాధనలో పెళ్ళి ప్రకటన చదివారు. సమాధానానికీ సలోమికీ పెళ్ళి నిశ్చయమైందని, ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పాలని. ఆడవాళ్ళ వరసలో కరుణ కూర్చునే ఉంది. ఎవరూ లేవలేదు. తర్వాతి ఆదివారం మళ్ళీ చదివారు. ఇంకొక్కసారి చదివితే పెళ్ళే.

ఆమె కామాక్షయ్య ఇంటికి పోయింది. ఆయన వసారాలో వాలుకుర్చీలో కూర్చుని ఉన్నాడు. ముఖం వెలిగిపోతోంది. నెల్లూరు బదిలీ దాదాపు ఖాయమైందని కబురొచ్చింది.

"సార్, మా అమ్మ గూడూర్లో ఉండాది సార్."

ఆయనకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక వాలుకుర్చీలోంచి లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. ఆమె గజం బద్ద సంగతి చెప్పింది. చెయ్యి విరిగిన సంగతి చెప్పింది. అయ్యగారి దగ్గరికి వచ్చి, తాను బళ్ళో చెప్పింది కథేనని ఒక్కమాట చెప్పమంది. పిల్ల చెప్తే నాయన చంపుతాడు, సార్ చెప్తే అందరూ నమ్ముతారు.

కామాక్షయ్య మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. ఆయన మనసు లేనివాడు కాదు. ఆ పిల్ల పాదాల మట్టి, చెంప మీద ఎండిపోయిన కన్నీటి చార చూస్తూనే ఉన్నాడు.

"నేను పేరు మార్చినాను గదమ్మా" అన్నాడు చివరికి. "సుందరమ్మ అన్నాను. రెబెక్కమ్మ అని నేనెప్పుడన్నా అన్నానా?"

"లేదు సార్."

"ముగింపు ఎవురు చెప్పినారు? నేను చెప్పినానా?"

"నేనే సార్."

"మరి? ఇప్పుడు నేను పోయి, ఒక పిల్ల ఇంటి గుట్టు తెచ్చి ఇన్‌స్పెక్టరు ముందర పాఠం చేసినానని నా నోటితో చెప్పుకొంటే ఏమవుతాది? నీకు తెలీదమ్మా, ఉద్యోగాలు ఊరికే రావు. పైగా అది మీ చర్చీ సంగతి. నేను తలదూర్చకూడదు." ఆయన గొంతు మెత్తబడింది. "నువ్వు బాగా చదువుకో. నీకు మంచి బుర్ర ఉండాది."

ఆమె నమస్కారం పెట్టింది. ఆయన గేటు దాకా వచ్చి సాగనంపాడు. ఆ నెలాఖరుకు ఆయన నెల్లూరు వెళ్ళిపోయాడు.

మూడో ఆదివారం కూడా ఎవరూ లేవలేదు. పెళ్ళి జరిగింది. కరుణ కొత్త గౌను వేసుకుని పూలబుట్ట పట్టుకుని సలోమి ముందు నడిచింది. ఆ గౌను తండ్రే కుట్టాడు. పెళ్ళయిన తర్వాత ఆమెను బడి మాన్పించి మిషను పక్కన కూర్చోబెట్టాడు. పొద్దస్తమానం చొక్కాలకు కాజాలు కుట్టేది.

మరుసటి ఎండాకాలంలో, మిట్టమధ్యాహ్నం, రెబెక్కమ్మ వచ్చింది.

ఉతికిన చీర కట్టుకుని ఉంది. ఎడమచెయ్యి కొంచెం వంకరగా అతుక్కుంది. బస్సు దిగి బజారు వీధిలో నడుస్తుంటే అంగళ్ళ ముందు కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రెబెక్కమ్మ ఎవరినీ పట్టించుకోలేదు. నేరుగా ఇంటి ముందుకొచ్చి ఆగింది. గుమ్మంలో కడుపుతో ఉన్న పడుచు ఎవరో కూర్చుని బియ్యం ఏరుతోంది.

"నువ్వెవురు మే?" అంది రెబెక్కమ్మ.

"నేను ఈ ఇంటామెని. నువ్వెవురు?"

లోపలినుంచి సమాధానం వచ్చాడు. రెబెక్కమ్మను చూసి ఒక్క క్షణం అతని ముఖం పాలిపోయింది. అంతలోనే జనం మూగారు. ఎవరో పరిగెత్తి యెహోషువ అయ్యగారిని పిలుచుకొచ్చారు. ఆయన రెబెక్కమ్మను చూసి నుదురు పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు.

"నేను బతికుండగా రెండో పెళ్ళి ఎట్లా చేసినారు అయ్యగారూ?" అంది రెబెక్కమ్మ.

"నువ్వు పోయినావని చెప్పినారమ్మా."

"ఎవురు చెప్పినారు?"

అయ్యగారు నేల చూపులు చూశాడు. సమాధానానికి ధైర్యమొచ్చింది. మిషను పక్కన చొక్కా ఒళ్ళో పెట్టుకుని బిగుసుకుపోయి ఉన్న కూతుర్ని చూపించాడు.

"నీ కూతురే చెప్పింది. బళ్ళో, ఇన్‌స్పెక్టరు ముందర. అయ్యగారు వచ్చి అడిగితే మళ్ళా తలకాయ ఊపింది. అడుగు."

రెబెక్కమ్మ కూతురి వైపు తిరిగింది. "చెప్పినావా?"

"చెప్పినా" అంది కరుణ. లేచి నిలబడింది. చొక్కా కిందపడింది. "నువ్వు లారీ డ్రైవరుతో లేచిపోయినావని అంటుండారమ్మా. బళ్ళో అందురూ నవ్వుతుండారు. అందుకే చచ్చిపోయిందని చెప్పినా. నన్ను తీసకపోయేదానికి వస్తా చచ్చిపోయిందని చెప్పినా."

రెబెక్కమ్మ కొడుతుందో, దగ్గరికి తీసుకుంటుందో అనుకున్నారు చూస్తున్నవాళ్ళు. ఆమె రెండూ చెయ్యలేదు.

"లేచిపోయిందనే అనుకోనియ్యకపోయినావా" అంది. "లేచిపోయినదానికి బతుకుండాది. చచ్చినదానికేముండాది?"

యెహోషువ అయ్యగారు లేచి వచ్చాడు. గొంతు తగ్గించి చెప్పాడు. జరిగిపోయింది. ఈ పిల్ల కడుపుతో ఉంది. ఇప్పుడిది పైవాళ్ళ దాకా పోతే పెళ్ళి చెల్లదంటారు, పుట్టబోయే బిడ్డకు పేరుండదు, తన కాపరిత్వమూ పోతుంది. నువ్వెట్లాగూ ఈ ఇంట్లో ఉండలేకనే పోయినావు. గూడూర్లో పని ఉండనే ఉంది. వచ్చినట్టే నెమ్మదిగా పో తల్లీ, ప్రభువు నిన్ను చల్లగా చూస్తాడు.

"చచ్చినదాన్ని చచ్చినట్టే ఉండమంటారు" అంది రెబెక్కమ్మ.

అయ్యగారు పక్కకు తిరిగాడు. మూగిన జనంలో ఆయన మాట కాదన్నవాళ్ళు లేరు.

ఆమె తిరిగి నడవబోతే కరుణ అరుగు దిగి పరిగెత్తింది. "నేనూ వస్తానమ్మా."

"పో" అన్నాడు సమాధానం వెనకనుంచి. "పోతే మళ్ళా ఈ గడప తొక్కబాక."

కరుణ ఆగలేదు. తల్లి చీర కుచ్చిళ్ళు పట్టుకుంది. రెబెక్కమ్మ మంచి చేత్తో ఆ వేళ్ళను ఒక్కొక్కటిగా విడదీసింది. ఆ పని కోపంగా చెయ్యలేదు. ముల్లు తీసినంత జాగ్రత్తగా చేసింది.

"నిన్ను చూసుకొని ఆ షెడ్డులో దినాలు ఈడ్చినా మే" అంది. "ఎవురేమన్నా అననీ, నా బిడ్డకు తెలుసు అనుకొన్నా. అయ్యగారు ఎదురుగా వచ్చి అడిగినా లేదని ఒక్కమాట చెప్పలేకపోయినావు. నా ఎనక రాబాక."

బస్సు వచ్చేదాకా ఆమె రోడ్డు పక్కన సరుగుడు చెట్ల కింద నిలబడింది. కరుణ కొంచెం దూరంలో నిలబడింది. సముద్రపు గాలికి ఇసుక లేచి ఇద్దరి మీదా పడింది. బస్సు వచ్చింది, పోయింది. కరుణ ఇంటికి తిరిగొచ్చి కిందపడ్డ చొక్కా తీసుకుని కాజా కుట్టడం మొదలుపెట్టింది. తండ్రి ఆమెను ఏమీ అనలేదు. ఆమె చేతిపని ఆయనకు కావాలి.

తర్వాతి ఏళ్ళలో సలోమికి ఇద్దరు పిల్లలు పుట్టారు. కరుణ వాళ్ళను ఎత్తుకుంది, వండింది, కుట్టింది. పెళ్ళి మాట ఎవరన్నా ఎత్తితే సమాధానం చూద్దాంలే అనేవాడు. గూడూరు పోవాలని ఆమె ఎన్నోసార్లు అనుకుంది. కుచ్చిళ్ళమీంచి తన వేళ్ళను విడదీసిన ఆ చెయ్యి గుర్తొచ్చి ఆగిపోయేది.

అరవైఏడులో ఒక ఉదయం గుమ్మం ముందు ముసలాయనొకడు వచ్చి నిలబడ్డాడు. తన పేరు హజరత్తయ్య అని, గూడూరు అభ్రకం షెడ్డులో కాపలా ఉంటానని చెప్పాడు.

"మీ ఆమె రెబెక్కమ్మ నిన్న పోయిందయ్యా. దగ్గుతో మంచాన పడింది. మొగుడు ఫలానా ఊర్లో మిషను సమాధానమని ఎప్పుడో ఒకసారి చెప్పింది. అందుకని వచ్చినా."

ఆనాడు గుమ్మంలో రెబెక్కమ్మను కళ్ళారా చూసిన సలోమి, ఊరు ఒప్పుకున్న మాటే చెప్పింది. "మా ఆయన మొదటి పెళ్ళాం ఎప్పుడో పోయిందే. వాగులో పడి. ఇంకెవురో అయ్యుంటాది, పొండి."

సమాధానం మిషను తొక్కుతూనే ఉన్నాడు. సూది ఆగలేదు.

పెరట్లో నీళ్ళు తోడుతున్న కరుణ ఆ మాటలు విన్నది. బొక్కెన గట్టుమీద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని, పక్కసందులోంచి బయటికొచ్చి రోడ్డు మీద హజరత్తయ్యను కలుసుకుంది.

"నేను కూతుర్ని. నన్ను తీసకపో తాతా."

గూడూరు చేరేసరికి మధ్యాహ్నమైంది. రెబెక్కమ్మను పొద్దున్నే పూడ్చేశారు. హజరత్తయ్య ఆమెను షెడ్డుకు తీసుకుపోయాడు. రేకుల కప్పు కింద వరసగా ఆడవాళ్ళు కూర్చుని, అభ్రకం రాళ్ళను చిన్న కత్తులతో పొరలు పొరలుగా చీలుస్తున్నారు. వాళ్ళ చేతులూ, జుట్టూ, కనురెప్పలూ తళతళమని మెరుస్తున్నాయి. మాలకొండమ్మ అనే పెద్దామె తల పైకెత్తింది.

"ఎవురీ పిల్ల?"

"రెబెక్కమ్మ కోసం వచ్చింది" అన్నాడు హజరత్తయ్య.

"ఏమవుతావు మే ఆమెకు?" అంది మాలకొండమ్మ. "మొగుడుండాడని చెప్పింది గానీ, ఇంకెవురూ లేరనిందే. పిల్లలేమన్నా ఉండారా అని మేమందరం అడిగినాం. లేరనింది. అడిగినప్పుడల్లా లేరనే అనింది."

హజరత్తయ్య ఏదో చెప్పబోయి కరుణ ముఖం చూసి ఆగాడు.

కరుణ కాసేపు ఆ తళుకుల వైపు చూస్తూ నిలబడింది. తల్లి చెప్పిన మాట తాను కాదనడానికి లేదు.

"నిజమే" అంది. "పిల్లల్లేరు. నేను ఆమె ఊరిదాన్ని."

మాలకొండమ్మ ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది. చేతులు చూసింది. సూది పోట్లతో గరుకుబారిన వేళ్ళు.

"పని కావాల్నా?"

"కావాల."

"అయితే అట్లా కూర్చో. ఆ మూల ఖాళీగా ఉండాది." ఒక కత్తి తీసి ఇచ్చింది. "అంచు కాడ గుచ్చి మెల్లగా తిప్పు. బలంగా తిప్పబాక, విరిగిపోతాది."

ఆమె చెప్పినట్టే కరుణ కత్తి గుచ్చింది. మొదటి రాయి ముక్కలైపోయింది. రెండోదీ అంతే. ఆ వీధిలోని ఇల్లు, మిషను, సలోమి పిల్లలు ఒక్కసారి మనసులో మెదిలి పోయారు. సాయంత్రం అందరూ లేచి ఇళ్ళకు పోతుంటే మాలకొండమ్మ అడిగింది, నీకెవరన్నా ఉండారా ఊర్లో అని.

"ఎవురూ లేరు" అంది కరుణ. ఆ మాట చెప్పడం ఆమెకు కష్టం కాలేదు.